ఏఐ గొంతుతో వీడియో పెట్టాను, జైలుకు పంపిస్తారా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా హాలియా దగ్గర ఒక ఊరు. డిగ్రీ చేసి ఊర్లోనే ఫొటో స్టూడియో నడుపుతున్న. మా నాన్న బత్తాయి తోటల హైటెన్షన్ టవర్ వేసిండ్రు. తీగల కింద పడ్డ చెట్లన్నీ కొట్టేసిండ్రు. పంట నష్టం అని ఒక చెక్కు చేతుల పెట్టి సంతకం తీసుకున్నరు, టవర్ కింద పోయిన జాగకు పైసా ఇయ్యలే. ఆ కోపంల మా మండలం లీడర్ ఒకాయన గొంతుతోని ఏఐ వీడియో చేసిన. "డేటా సెంటర్లకు కరెంటు కావాలె, మీ తోటలు పోతే నాకేంది" అని ఆయన అన్నట్టు. ఎక్స్‌ల, ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టిన. ఇప్పుడు స్టేషన్ నుంచి వాట్సాప్‌లనే నోటీసు వచ్చింది. ఎలాన్ మస్క్ కమలా హారిస్ గొంతుతో చేసిన ఏఐ వీడియోను షేర్ చేసిండు కదా, ఆయనకేం కాలే. నాకు జైలు తప్పదా? ఎక్స్ వాళ్లు నా తరఫున నిలబడరా? నాన్నకు టవర్ డబ్బులు వస్తయా?

జవాబు: తమ్ముడూ, మీ వీడియోను నేను ఆఫీసులో మా గుమస్తా పక్కనుండగా చూశాను. ఇరవై ఏళ్లుగా రాజకీయ నాయకులను కోర్టు వరండాల్లో చూస్తున్న మనిషి ఆయన. వీడియో అయిపోగానే "ఇంత మాట అన్నడా సార్?" అన్నారు. మీ కేసు బలహీనత అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆయన నమ్మారు.

మన ఊళ్లకు పిట్టల దొర వచ్చేవాడు. ఖాకీ బట్టలేసుకుని, కర్ర తుపాకీ పట్టుకుని, ఊరందరికీ కార్లు ఇప్పిస్తా, మీ చెరువుకు సముద్రాన్ని తెప్పిస్తా అని కోతలు కోసేవాడు. దొరలను, పటేళ్లను వాళ్ల ముందే ఎగతాళి చేసేవాడు. ఎవరూ ఠాణాకు పోలేదు, ఎందుకంటే అది కోత అని విన్నవాళ్లందరికీ తెలుసు. మీ వీడియోలో ఆ తెలివిడి ఇచ్చే గుర్తు ఒక్కటీ లేదు. ఆ నాయకుడి బొమ్మ పక్కన "ఏఐతో చేసిన వ్యంగ్యం" అని పెద్దక్షరాలతో రాసి ఉంటే ఈ జవాబు వేరేలా ఉండేది.

మస్క్ సంగతి. 2024 జులైలో ఆయన పంచుకున్న ఆ హారిస్ వీడియోను తయారుచేసినవాడు దాన్ని పేరడీ అనే చెప్పి పెట్టాడు. ఆ మాట లేకుండా పంచుకున్నందుకే మస్క్ మీద విమర్శలు వచ్చాయి. కాలిఫోర్నియా రాష్ట్రం అలాంటి వీడియోలను ఆపడానికి చట్టం తెస్తే, అక్టోబరులో ఫెడరల్ జడ్జి దాని అమలును చాలావరకు నిలిపేశారు. అది అమెరికా రాజ్యాంగం. హాలియా స్టేషన్‌లో చెల్లదు.

పైగా మీరు అనుకుంటున్నంత పెద్ద మాట మస్క్ కూడా అనలేదు. ట్విట్టర్‌ను (ఇప్పటి ఎక్స్) కొనడానికి ఒప్పందం కుదిరిన మర్నాడు, 2022 ఏప్రిల్ 26న, ఆయన రాసింది ఇదీ: స్వేచ్ఛ అంటే చట్టానికి సరిపోయేంత వరకే, చట్టాన్ని మించి నోరు నొక్కడానికి మాత్రం వ్యతిరేకిని అని. అంటే ఏ దేశంలో ఆ దేశపు చట్టం. 2024లో బ్రెజిల్ సుప్రీంకోర్టుతో పంతానికి పోతే ఆగస్టు చివర్లో ఆ దేశమంతా ఎక్స్ ఆగిపోయింది. జరిమానాలు కట్టి, చెప్పిన ఖాతాలు మూసేశాకే అక్టోబరులో మళ్లీ వచ్చింది. ఏఐ విషయంలోనూ ఆయన మాటలు జాగ్రత్తగా వినాలి. పెద్ద ఏఐల తయారీని ఆరు నెలలు ఆపాలన్న లేఖ మీద 2023 మార్చిలో సంతకం పెట్టారు, జులైలో సొంత ఏఐ కంపెనీని ప్రకటించారు. వ్యాపారి మాటను వ్యాపారి మాటగానే తీసుకోండి.

మీకు నిజంగా పనికొచ్చే విషయం వేరే ఉంది. కేంద్రం సహయోగ్ పోర్టల్ ద్వారా పోస్టులు తీసేయమనడాన్ని సవాలు చేస్తూ ఎక్స్ కంపెనీ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది, 2025 సెప్టెంబరు 24న ఓడిపోయింది. మాట్లాడే స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19వ అధికరణ భారత పౌరులకే వర్తిస్తుంది, విదేశీ కంపెనీ దాన్ని అడగలేదు అని అందులో చెప్పారు. ఆ తీర్పు మీద నాకు వేరే అభ్యంతరాలున్నాయి, ఇప్పుడొద్దు. కానీ ఈ ముక్క మటుకు గుర్తుపెట్టుకోండి. మస్క్ కంపెనీకి లేని హక్కు మీ నాన్నకు ఉంది, మీకు ఉంది. ఎక్స్ మీ కోసం నల్గొండ కోర్టుకు వకీలును పంపదు, ఆదేశం వస్తే మీ వీడియోను తీసేస్తుంది. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనల సవరణ ప్రకారం, కోర్టో ప్రభుత్వమో ఆదేశించాక మూడు గంటల్లో తీసేయాలి. నిజమని నమ్మించేలా ఏఐతో చేసినదానికి కనబడేలా లేబుల్ ఉండాలి, పెద్ద ప్లాట్‌ఫాంలు పోస్టు పెట్టేవారి నుంచే ఆ సంగతి అడిగి తీసుకోవాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ ప్రశ్న వచ్చిందా, మీరేం నొక్కారు? మీ వకీలుకు నిజం చెప్పండి.

ఆ హక్కుకు హద్దులు 19(2)లో ఉన్నాయి. దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు, కోర్టు ధిక్కారం, నేరానికి ఉసిగొల్పడం లాంటివి మొత్తం ఎనిమిది. "ప్రభుత్వాన్ని తిట్టడం" ఆ జాబితాలో లేదు. "కోపం తెప్పించడం" కూడా లేదు. చిరాకు కలిగించే పోస్టుకు మూడేళ్ల జైలు అన్న 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కూడా అందుకే. మీరు మీ సొంత గొంతుతో, సొంత మొహంతో, నరికిన బత్తాయి మొద్దుల మధ్య నిలబడి ఆ నాయకుడిని నిలదీసి ఉంటే నేను మీ పక్కన ఫీజు లేకుండా నిలబడేవాణ్ని.

ఇక నోటీసు. మీరు పంపిన ఫొటోలో భారతీయ న్యాయ సంహిత 336(4), 353, 356 సెక్షన్లు, ఐటీ చట్టం 66డి కనిపిస్తున్నాయి. ఇందులో నేను నిజంగా పట్టించుకునేది 336(4). ఒకరి పరువు తీయడానికి ఎలక్ట్రానిక్ రికార్డును ఫోర్జరీ చేయడం, మూడేళ్ల దాకా శిక్ష, బెయిలబుల్. 66డి మోసం చేసినవాళ్ల కోసం పెట్టింది, మీరు ఎవరి డబ్బూ కాజేయలేదు, దాన్ని గట్టిగా కొట్లాడవచ్చు. 353 నిలవాలంటే జనంలో భయాందోళనో, వర్గాల మధ్య పగో రేపే ఉద్దేశం చూపించాలి. టవర్ మీద కోపం దానికి సరిపోదని నా అభిప్రాయం. అయితే 353 నాన్ బెయిలబుల్, కాబట్టి మీ వకీలు భారతీయ నాగరిక సురక్షా సంహిత 482 కింద ముందస్తు బెయిలు వేయాలంటే కాదనకండి. 356 పరువు నష్టం. అది పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు, ఆ నాయకుడే మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాలి. తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరు 10న సోషల్ మీడియా కేసుల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే చెప్పింది. ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా చూడాలి, కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ చేయాలి, ఘాటైన రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా కేసులు పెట్టకూడదు అని కూడా. మీ మీద ఫిర్యాదు చేసింది ఆ నాయకుడా, ఆయన అనుచరుడా? ఎఫ్ఐఆర్ నకలు తీసుకుంటే తెలుస్తుంది.

విచారణకు రమ్మంటూ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35 కింద పంపే నోటీసును వాట్సాప్‌లో ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఈ పాయింటు పట్టుకుని ఇంట్లో కూర్చుంటారేమో, ఆ పని చేయకండి. చెప్పిన రోజు వకీలుతో కలిసి వెళ్లండి, కాగితం మీద నోటీసు అడిగి తీసుకోండి, వెళ్లినట్టు సంతకం పెట్టించుకోండి. నోటీసుకు కట్టుబడి హాజరవుతున్నవాణ్ని అరెస్టు చేయాలంటే పోలీసులు కారణాలు రాసి చూపించాలి. ఫోన్ తీసుకుంటే పంచనామా కాగితం లేకుండా వదలొద్దు.

వీడియోను పబ్లిక్ నుంచి తీసేయండి. కానీ ఫోన్లో, కంప్యూటర్లో ఉన్న అసలు ఫైళ్లు చెరపకండి. కేసు వచ్చాక చెరిపితే సాక్ష్యం మాయం చేశారంటారు, అది ఇంకో సెక్షన్. గ్రూపులో "ఆ మాటలు ఆయన అన్నవి కావు, ఏఐతో చేసినవి" అని పెట్టడం మంచిదే, అయితే ఆ రెండు లైన్లూ వకీలు రాసిచ్చినవే పెట్టండి. మీరు రాస్తే పశ్చాత్తాపం పొంగి పేజీడు వస్తుంది, ప్రతి వాక్యం ఛార్జిషీటుకెక్కుతుంది.

ఇప్పుడు టవర్. ఏఐకి మొదట చిప్‌ల కొరత వచ్చింది, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ల కొరత, ఆ తర్వాత కరెంటు కొరత వస్తుందని మస్క్ 2024లో చెప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ కొరత గురించి నల్గొండ రైతుకు చెప్పడం చేపకు ఈత నేర్పినట్టే. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను చందాలేసుకుని ట్రాక్టర్ మీద రిపేరు షెడ్డుకు మోసుకుపోయే జనం మనం. అయినా ఆయన చెప్పింది నిజమే: కంప్యూటర్లు ఎక్కడున్నా లైన్లు ఎవరి పొలం మీదుగానో పోవాలి.

లైన్ వేసే సంస్థకు విద్యుత్ చట్టం 164 కింద టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలిస్తారు. మన టెలిగ్రాంలు 2013 జులైలోనే ఆగిపోయాయి. 1885 నాటి ఆ చట్టాన్నీ రద్దు చేశారు, కానీ కరెంటు లైన్ల కోసం అందులోని ఆ భాగాన్ని మాత్రం బతికించి ఉంచారు. దాని ప్రకారం భూమిని సేకరించరు, పట్టా మీ నాన్నదే. జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. చాలదనుకుంటే 16(3) కింద జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వేయవచ్చు. పంట నష్టం చెక్కు తీసుకుని సంతకం పెట్టినంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు, ఆ కాగితంలో ఏం రాసి ఉందో మాత్రం చూడాలి.

లెక్క ఎంత? కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో టవర్ కాళ్ల మధ్య జాగకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం దాకా అంది. 2024 జూన్ 14న దాన్ని 200 శాతం, 30 శాతం చేసింది. రెండు గుంటలు పోయాయనుకోండి, ఎకరం 20 లక్షల చొప్పున వాటి విలువ లక్ష. పాత లెక్కన 85 వేలు, కొత్త లెక్కన రెండు లక్షలు. ఇవి కేంద్ర మార్గదర్శకాలు కాబట్టి లైన్ ఏ సంస్థది, ఎన్ని కేవీ, ఏ తేదీ ఉత్తర్వు, భూమి విలువ ఎలా కట్టారు అన్న నాలుగు ప్రశ్నలతో ముందు ఆర్టీఐ వేయండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజులు. బత్తాయి చెట్ల వయసు వేరుగా రాయించండి. కాపుకొచ్చిన చెట్టుకూ మొక్కకూ ఒకే రేటు కట్టడం నేను చాలా ఫైళ్లలో చూశాను.

పాసు పుస్తకం, చెక్కు నకలు, ఆ సంతకం కాగితం జిరాక్సు పట్టుకుని నాన్నను కూడా తీసుకుని రండి. చెట్లు కొట్టకముందు తోట ఫొటోలు మీ స్టూడియోలో ఉంటాయి కదా, తేదీతో సహా ప్రింటు తీయండి. రంగులు పెంచడం, ఏఐతో స్పష్టంగా చేయడం లాంటివి వద్దు. ఉన్నది ఉన్నట్టు.