పాత చైనా చిత్రకారులు జంతువులను చూసి గీశారా, ఊహించి గీశారా?

చూసే గీశారు. చైనా బొమ్మల్లో భావమే ముఖ్యం, జంతువు అచ్చంగా కనిపించడం వాళ్లకు పట్టదు అని చాలామంది రాస్తుంటారు. కొట్టం ఉన్న ఇంట్లో పెరిగినవాణ్ని, ఆ మాట నేను ఒప్పుకోను.

తాంగ్ రాజుల కాలంలో హాన్ హ్వాంగ్ (723-787) అనే ఆయన ‘ఐదు ఎద్దులు’ గీశాడు. ఆయన మంత్రిగా కూడా చేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. జానెడు ఎత్తు, నాలుగున్నర అడుగుల పొడవు కాగితం. ఒక్క పొద తప్ప వెనక ఏమీ ఉండదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్నకు ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని ఒక్కోదాన్నీ పెద్దది చేసి చూశాడు. పొదకు తల రుద్దుకుంటున్నదాన్ని చూసి, “దురద పెడుతోంది పాపం” అన్నాడు. నాలుక బయటపెట్టి వెనక్కి తిరిగినదాని దగ్గర, “మన కర్రెద్దు కూడా కాడి దించగానే ఇట్లాగే చేసేదిరా” అన్నాడు. చివరిదాని దగ్గర చాలాసేపు ఆగాడు. “దీనికొక్కదానికే తాడు పడింది. ఆ నిలబడటం చూడు, ఎట్లా బిగుసుకుందో.” చదువుకున్నవాళ్లు పెద్ద పెద్ద వ్యాసాలు రాసిన విషయం ఆయన ఒక్క నిమిషంలో చెప్పేశాడు.

మధ్య ఎద్దు సూటిగా మనవైపే చూస్తుంటుంది. అలా గీయడం చాలా కష్టం, ఒళ్లంతా తల వెనక దాగిపోతుంది కదా. బడిలో నేనూ మా ఎద్దును అలాగే గీస్తే డ్రాయింగ్ సారు మార్కులు కోసేశారు. చార్టులో ఉన్నట్టు పక్కనుంచే గీయాలట! పిల్లలు కళ్లతో చూసింది గీస్తే తప్పెలా అవుతుంది? ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

చైనావాళ్లు ఈ విషయంలో ఎంత పట్టుదలగా ఉండేవాళ్లో పదకొండో శతాబ్దపు చైనా కవి సు షి రాసిన ఒక ముచ్చట చెబుతుంది. హాన్ హ్వాంగ్ దారిలోనే నడిచిన దై సోంగ్ అనే చిత్రకారుడు గీసిన ఎద్దుల పోట్లాట బొమ్మ ఒకాయన దగ్గర ఉండేదట. ప్రాణంగా దాచుకుని, ఒకరోజు ఎండకు ఆరబెట్టాడు. పశువులు కాసే కుర్రాడు చూసి నవ్వాడు. పోట్లాడేటప్పుడు బలమంతా కొమ్ముల్లో ఉంటుంది, తోక కాళ్ల మధ్యకు పోతుంది, ఇందులో తోకలు పైకి లేచి ఉన్నాయేంటి అన్నాడు. ఆ పెద్దమనిషి కూడా నిజమేనని ఒప్పుకున్నాడు.

‘ఐదు ఎద్దులు’ నెట్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. చిన్న సైజులో చూడొద్దు. పెద్దది తెరిచి, మెడ కింద గంగడోలు దగ్గర ముడతలు చూడండి.