వేడెక్కితే ఆగిపోయే మోరిస్ ఎయిట్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది. కారు గురించి కాదు, ఆ మెకానిక్ మాటలకు నువ్వు తలూపేస్తావేమోనని. ఇరవై నిమిషాలు బాగానే నడుస్తుంది, మెహదీపట్నం దాటేలోపు దగ్గి దగ్గి ఆగిపోతుంది, గంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది అన్నావు. దానికి అతను ముందు కార్బురేటర్ విప్పుదాం, తర్వాత హెడ్డు దించుదాం, కుదరకపోతే మారుతి ఇంజన్ ఎక్కించేద్దాం అన్నాడు. మీ తాతగారి 1936 నాటి ఇంగ్లీషు కారు మోరిస్‌కి మారుతి ఇంజనా! నేను వచ్చేదాకా దాని మీద పానా పడనివ్వకు.

అతన్ని తప్పు పట్టడం లేదు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. నా మోరిస్ గండిపేట దారిలో ఏప్రిల్ ఎండకు ఆగిపోతే, పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోందని తేల్చేశాను. పైపుకి, పంపుకి తడిగుడ్డ చుట్టి చెట్టు కింద కూర్చున్నాను. ముప్పావు గంటకు స్టార్ట్ అయింది. తడిగుడ్డ మహిమే అనుకుని మీ అత్తయ్య ముందు కాస్త గొప్పలు కూడా పోయాను. రెండు కిలోమీటర్లు వెళ్లామో లేదో మళ్లీ ఆగింది. ఈసారి పౌరుషం వచ్చి రోడ్డు పక్కనే కార్బురేటర్ విప్పేశాను. చిన్న వాషర్ ఒకటి గడ్డిలో పడి మరి దొరకలేదు. చివరికి తాడు కట్టించుకుని ఇల్లు చేరాం. దారి పొడుగునా మీ అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. వారం తర్వాత తేలింది, పెట్రోలులో దోషమే లేదు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్లోని కండెన్సర్, అంటే కరెంటు కలిపి విడదీసే పాయింట్ల దగ్గర మెరుపులు రాకుండా చూసే చిన్న డబ్బీ, వేడికి పని మానేస్తోంది. చల్లారితే అది కూడా బాగవుతుంది కదా, అక్కడే నేను మోసపోయాను.

నీ కారు లక్షణాలు అచ్చం అవే. అయినా నా మాట నమ్మి కండెన్సర్ కొనెయ్యకు, ముందు చూడు. బండి ఎక్కడ ఆగిందో అక్కడే, వేడి మీద ఉండగానే చూడాలి. చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

బండి ఆగగానే చెవి పెట్టి విను. ఈ కారుకి ఎస్‌యూ కంపెనీ కరెంటు పెట్రోలు పంపు ఉంటుంది. ఇగ్నిషన్ వేయగానే టిక్ టిక్‌మని కాసేపు కొట్టుకుని, కార్బురేటర్ నిండగానే ఆగిపోవాలి. అలా ఆగితే పెట్రోలు అందుతున్నట్టే లెక్క. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ట్యాంకులో పెట్రోలు లేదు, లేదా ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపులో ఎక్కడో గాలి పీలుస్తోంది. అసలు చప్పుడే లేకపోతే పంపు లోపలి పాయింట్లు మురికి పట్టి ఉంటాయి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి చూడు. తట్టగానే కొట్టుకోవడం మొదలుపెడితే ఇల్లు చేరేదాకా వస్తుంది, ఇంటికొచ్చాక శుభ్రం చెయ్యి.

తర్వాత నిప్పురవ్వ. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు మూసుకునేదాకా ఇంజన్ని హ్యాండిల్‌తో కొంచెం తిప్పు. మూత మధ్యకు వచ్చే లావు వైరును కాయిల్ (రవ్వకు కావలసినంత వోల్టేజీ పెంచేది) నుంచి ఊడదీయకుండా, మూత వైపు కొనను పొడి చెక్క పటకారుతో పట్టుకుని ఇంజన్ ఇనుముకి ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉంచు. చుట్టుపక్కల పెట్రోలు తడి లేదని చూసుకున్నాకే ఇగ్నిషన్ వెయ్యి. ఇప్పుడు పుల్లతో పాయింట్లను విడదీసి వదులు. వైరు కొన నుంచి చిటుక్కుమని నీలంగా, లావుగా రవ్వ దూకాలి. పసుపుపచ్చగా, సన్నగా, వచ్చీరానట్టు ఉండి, పాయింట్ల మధ్య మాత్రం మిలమిలా మెరుపులు పెద్దగా వస్తుంటే దొంగ దొరికినట్టే, కండెన్సరే. నీడలో చూస్తే బాగా తెలుస్తుంది, ఎండలో అంతా ఒకలాగే కనిపిస్తుంది. పాయింట్ల దగ్గర మెరుపు లేకుండా వైరు దగ్గర రవ్వ మాత్రమే బలహీనంగా ఉంటే కాయిల్‌ని అనుమానించు. కండెన్సర్ మార్చే ముందు దాని స్క్రూ బిగుతుగా ఉందో లేదో చూడు. నాకు తెలిసిన ఒకాయన మూడు కండెన్సర్లు మార్చాడు, చివరికి చూస్తే స్క్రూ వదులు!

అచ్చంగా ఆ సైజు కండెన్సర్ దొరక్కపోతే అంబాసిడర్‌ది డిస్ట్రిబ్యూటర్ బయట బిగించి వైరు కలిపినా తాత్కాలికంగా పనిచేస్తుంది. పాయింట్ల సందు అంగుళంలో వెయ్యో వంతులు పది నుంచి పన్నెండు ఉండాలి. ఫీలర్ గేజ్‌తోనే (సందు కొలిచే సన్న రేకులు) చూడు. పోస్ట్‌కార్డు మందం అంటారు కొందరు, నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చి నడిపి చూడు. అన్నీ కలిపి మార్చేస్తే ఏది బాగుచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక ఇంజన్ నిజంగానే మసులుతోందా అన్నది వేరే సంగతి. ఈ కారుకి వాటర్ పంపు లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయి, రేడియేటర్లో చల్లబడి కిందికి దిగుతాయి, ఆ తిరుగుడు దానంతట అదే జరగాలి. రేడియేటర్లో నీళ్లు పై పైపు నోటికంటే కిందికి పోతే ఆ తిరుగుడే ఆగిపోతుంది. అందుకే నిండుగా ఉంచమనేది. బోరు నీళ్లు మాత్రం పొయ్యకు. మన ఊరి బోరు నీళ్లకు గిన్నెల్లో తెల్లటి పొర పడుతుంది చూశావా, ఇంజన్ లోపలా అదే పడుతుంది. వాన నీళ్లు పట్టుకో, లేదా బ్యాటరీ నీళ్లు కొను. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకు. లక్డీకాపూల్ సిగ్నల్లో నాలుగు నిమిషాలు నిలబెడితే ఏ మోరిసయినా అలుగుతుంది, ఆదివారం తెల్లవారుజామున తీస్తే సరిపోతుంది.

బోల్టుల మీది మర చుట్ల సంగతి ఒకటుంది, ఇది చాలామందికి తెలియదు. మోరిస్ ఇంజన్ కర్మాగారం మొదట ఫ్రెంచి కంపెనీది. అందుకే బోల్టు తల విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు కొలత) పానాకి పడుతుంది గానీ, మర మాత్రం మెట్రిక్. తల చూసి ఇంగ్లీషు మరే అనుకుని తగిన బోల్టు వెతికి, అది ఎక్కకపోతే ట్యాప్ కొట్టి కొత్త మర కోసేస్తారు. దాంతో ఎనభై తొంభై ఏళ్ల ఇనుము పాడయిపోతుంది. ఏ నట్టు తీసినా దాని బోల్టుకే మళ్లీ బిగించి పెట్టు. రాణిగంజ్‌లో పాత విట్‌వర్త్ పానాలు దొరుకుతాయి, జుమ్మేరాత్ బజార్లో అదృష్టం ఉంటే ఇంకా చౌకగా దొరుకుతాయి. కొత్త బోల్టు కావాలంటే బాలానగర్లో లేత్ మీద చేయిద్దాం.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను లాగేస్తుంది, పాత రబ్బరును, కార్కును తినేస్తుంది, ట్యాంకులో పాత తుప్పును కదిలిస్తుంది. ఆ తుప్పు వచ్చి పంపు కింద ఉన్న చిన్న జల్లెడలో చేరుతుంది. నెల రోజులు తీయవనుకుంటే పెట్రోలు వంపేసెయ్యి. కొత్త పైపులు ఇథనాల్‌కి తట్టుకునేవే అడిగి తెచ్చుకో. చౌమహల్లాలో నిజాం గారి రోల్స్ రాయిస్ అద్దాల వెనక ఉంది గానీ, మీ తాతగారి కారు రోడ్డెక్కాలి కదా.

రోడ్డెక్కే ముందు బ్రేకులు చూడు, ఇంజన్ కంటే ముందు చూడు. ఇవి ఆయిల్ బ్రేకులు, లోపల రబ్బరు సీళ్లుంటాయి. బ్రేక్ ఆయిల్ తప్ప ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క పోసినా అవి ఉబ్బి పాడైపోతాయి. పెడల్ తొక్కి నిమిషం పట్టి ఉంచు. మెల్లగా కిందికి జారుతుంటే కారు గేటు దాటనివ్వకు.

హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు పిడి చుట్టూ వెయ్యకు, మిగతా వేళ్లతో పాటే ఒకవైపు ఉంచు. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. మీ తాతగారికి ఒకసారి విరిగింది, అమ్మనడుగు.

ఆదివారం ఉదయం ఏడింటికి వస్తాను. ఆలోపు బండి ఒకసారి ఆగేదాకా నడిపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూసి, రవ్వ నీలమా పసుపా, పంపు కొట్టుకుని ఆగిందా లేదా, ఈ రెండూ ఫోన్ చేసి చెప్పు. ఏ కండెన్సర్ తెచ్చుకోవాలో, అసలు తేవాలో లేదో అప్పుడు చూస్తాను. అమ్మకు పెసరట్టు, ఉప్మా చెయ్యమని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య