బెల్టు సంగతి తర్వాత, ముందు మెట్ల మలుపు కొలవమనండి

గ్రానైట్ పనికి వెళ్తున్న మీ తమ్ముడికి నడుం బెల్టు కొనిస్తే దెబ్బలు తగలకుండా ఉంటాయా అని అడిగారు.

నన్నడిగితే బెల్టు దండగండీ. మాది చీమకుర్తి పక్కన, రాళ్ల మధ్యే పెరిగాం. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లు గ్రానైట్ ఫిట్టింగ్ చేశాను. నడుం పట్టేసినవాడు పది రోజులకు మళ్లీ పనిలో కనిపిస్తాడు. వేలు పోయినవాడికి వేలు రాదు. ఎత్తేటప్పుడు ఎవడైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే ఎత్తుతాడు. దెబ్బలన్నీ తిప్పేటప్పుడూ, దించేటప్పుడే.

నిజాంపేట వైపు ఒక అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. వంటగట్టుకు తొమ్మిది అడుగుల రాయి, అతుకు లేకుండా ఒకటే ముక్క కావాలన్నారు ఇంటాయన. 18 మిల్లీమీటర్ల మందం రాయి చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు తూగుతుంది. ఆ ముక్క తొంభై కిలోలు. నలుగురం ఉన్నాం కాబట్టి బరువు పెద్ద లెక్క కాదు. కానీ అప్పటికే పొద్దుటి నుంచి టైల్స్ పెట్టెలన్నీ మెట్ల మీదే మోశాం. లిఫ్టులో గీతలు పడతాయని అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల కుక్క మాత్రం రోజూ అందులోనే దిగుతుంది. సరే, వదిలేయండి.

రాయిని పడుకోబెట్టి మొయ్యకూడదు, మధ్యలో విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి పట్టుకెళ్లాం. మూడో అంతస్తు మలుపులో తిరగలేదు. పూర్తిగా నిట్టనిలువుగా లేపాలి. లేపితే బరువంతా కిందివాడి మీదికే వస్తుంది. ఆ కిందివాణ్ని నేను. పైన మా బావమరిది. "బావా, ఒక్క నిమిషం ఆగు" అన్నాడు. అంతే, హవాయి చెప్పు మడతపడి వాడి చెయ్యి జారింది. రాయి జానెడు కిందికి దిగింది. నా ఎడమచేతి ఉంగరం వేలు రాయికీ మెట్టు అంచుకీ మధ్య ఉండిపోయింది.

అప్పుడు నొప్పి తెలియలేదు. చిక్కు ఏంటంటే, రాయి ఎత్తితే గానీ వేలు బయటికి రాదు. ఆ ఇరుకులో ఇద్దరికి మించి చేతులు పట్టవు. ఎత్తాలంటే నేనూ కుడిచెయ్యి వెయ్యాల్సిందే. వేశాను. ఒకటి, రెండు, మూడు అని నేనే లెక్కపెట్టాను. వేలు వచ్చింది, పై కణుపు రాలేదు.

కాంట్రాక్టరు ఆసుపత్రి బిల్లు సగం కట్టి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం చేశారు. ఉంగరం వేలు ఒక కణుపు పోతే సంపాదించే శక్తిలో 5 శాతం పోయినట్టని దాని పట్టికలో ఉండేది. ఆ పట్టిక రాసినవాళ్లు ఎప్పుడూ రాయి మోసి ఉండరు, మా పట్టంతా ఆ చివరి రెండు వేళ్లలోనే. అయినా ఆ 5 శాతమైనా అడగాలంటే వాడి దగ్గర పనిచేసినట్టు కాగితం ఉండాలి. అడ్డా మీద నుంచి బండెక్కించుకుపోయేవాడు కాగితం ఇస్తాడా? నాకు లేబర్ కార్డు కూడా లేదప్పుడు. ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవాళ్లకు ఇచ్చేవాళ్లు. రేపు మాపు అంటూ నేనే తీసుకోలేదు. మీ తమ్ముడి పేరు నమోదైందో లేదో ముందు కనుక్కోండి.

బెల్టు డబ్బులతో వేళ్ల దగ్గర ఇనుప తొడుగున్న బూట్లు కొనండి, చెప్పులతో రాయి ముట్టుకోనివ్వకండి. ఎత్తేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని ఒక్కడే లెక్కపెట్టాలి, మిగతావాళ్లు నోరు మూసుకుని వినాలి.

నేనిప్పుడు సొంతంగా పనులు ఒప్పుకుంటున్నాను. వంటగది కంటే ముందు మెట్ల మలుపు కొలుస్తాను. రాయి తిరగదనిపిస్తే రెండు ముక్కలు చేసి సింకు దగ్గర అతుకు పెడతానంటాను, అక్కడ పెద్దగా కనిపించదు. గత నెల ఒకావిడ అతుకు కుదరదంటే కుదరదన్నారు. టేపు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.