మ్యాక్‌లో ఎక్స్‌ప్రొటెక్ట్ అప్‌డేట్ అయిందో లేదో ఎక్కడ చూడాలి

ఆపిల్ సెక్యూరిటీ రిలీజుల పేజీలో ఎక్స్‌ప్రొటెక్ట్ (హానికర సాఫ్ట్‌వేర్‌ని, అంటే మాల్‌వేర్‌ని, అడ్డుకునే మ్యాక్ సొంత రక్షణ) ఊసే లేదు, నా సొనోమా (మ్యాక్‌ఓఎస్ 14) మ్యాక్‌కి మాల్‌వేర్ రక్షణ ఆగిపోయిందా అని ఒకరు అడిగారు. ఆ పేజీని బట్టి అలా అనుకోవద్దు. అక్కడ ఇచ్చేది మ్యాక్‌ఓఎస్, సఫారీ లాంటి వాటిలో సరిచేసిన లోపాల జాబితా, చాలావాటికి సీవీఈ నంబర్లతో (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) సహా. అదీ మామూలుగా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) విడుదలయ్యాకే. అంతకుముందు ఆపిల్ వాటి గురించి మాట్లాడదు. మాల్‌వేర్‌ని గుర్తుపట్టే ఎక్స్‌ప్రొటెక్ట్ సిగ్నేచర్లు వేరే దారిలో, నోటిఫికేషన్ లేకుండా, రీస్టార్ట్ అడగకుండా వచ్చేస్తాయి. కనీసం వెర్షన్ నంబరైనా ఆ పేజీలో పెట్టాల్సింది, పెట్టరు.

ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఆపిల్ మెనూ తెరవండి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కనిపిస్తుంది. అందులో ఎడమవైపు సాఫ్ట్‌వేర్ కింద ఇన్‌స్టలేషన్స్ నొక్కి, తేదీ కాలమ్ మీద క్లిక్ చేసి కొత్తవి పైకి తెచ్చుకోండి. ఎక్స్‌ప్రొటెక్ట్‌ప్లిస్ట్‌కాన్ఫిగ్‌డేటా అంటే సిగ్నేచర్లు, ఎక్స్‌ప్రొటెక్ట్‌పేలోడ్స్ అంటే ఇప్పటికే చొరబడినదాన్ని తొలగించే భాగం. రెండింటి తేదీలూ చూడండి.

నెలల తరబడి కొత్తవి రాకపోతే సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి వెళ్లి, ఆటోమేటిక్ అప్‌డేట్స్ పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కండి. డేటా ఆదా కోసం అన్నీ ఆపేసినప్పుడు ‘ఇన్‌స్టాల్ సెక్యూరిటీ రెస్పాన్సెస్ అండ్ సిస్టమ్ ఫైల్స్’ కూడా ఆగిపోతుంది. ఈ ఫైళ్లు చిన్నవే, దాన్ని ఆన్ చేయండి. అది ఆఫీసు మ్యాక్ అయి ఆ స్విచ్ కదలకపోతే ఐటీ వాళ్లే లాక్ చేసి ఉంటారు, వాళ్లనే అడగాలి.

ఎక్స్‌ప్రొటెక్ట్ తాజాగా ఉన్నా మ్యాక్‌ఓఎస్ లోపాలు మూసుకుపోవు. రిలీజు నోట్‌లో ఏ లోపాన్నైనా దాడుల్లో ఇప్పటికే వాడి ఉండవచ్చని రాస్తే, ఆ అప్‌డేట్ అదే రోజు వేసుకోండి.