అంచు గలీబులు కుట్టేముందు

పర్లాకిమిడి

అమ్మలూ,

బరంపురంలో కొత్త మంచానికి పాత పట్టుచీరతో అంచు గలీబులు, అంటే తలగడ చుట్టూ చదునుగా అంచు నిలిచే గలీబులు, కుట్టాలనుందని రాశావు. చక్కటి ఆలోచన. కత్తెర పట్టేముందు తలగడ కొలువు. టేపును తలగడ ఒంటికి ఆనించి, ఈ కుట్టు నుంచి ఎదుటి కుట్టు దాకా తియ్యాలి. ఉబ్బు మీదుగా కాకుండా గాలిలో తిన్నగా పట్టి కొలిస్తే కొలత తగ్గిపోతుంది, కుట్టాక తలగడ లోపలికి దూరదు. బజారు తలగడలు ఎక్కువగా 17 అంగుళాలకి 27 ఉంటాయి. బూరుగు దూదివి నింపినవాళ్ళ చేతిని బట్టి మారతాయి. పైగా అవి వాడుతుంటే అణుగుతాయి కాబట్టి వాటికి కొలతలో అంగుళం తగ్గించు. లేకపోతే నెలకే మూలలు ఖాళీగా వేలాడతాయి.

చుట్టూ అంచు ఎంత ఉండాలో మంచం చెబుతుంది. నీది అయిదడుగుల మంచం, అంటే 60 అంగుళాలు. 17కి 27 తలగడకి చుట్టూ అంగుళంన్నర అంచు పెడితే ఒక్కో గలీబు 20కి 30 అవుతుంది, రెండూ పక్కపక్కన సరిగ్గా సరిపోతాయి. రెండంగుళాల అంచు పెడితే మధ్యలో ఒకదాని మీదొకటి ఎక్కి వంకరగా కనిపిస్తాయి. ఆరడుగుల మంచానికైతే మూడంగుళాల అంచు అందం.

నూలు గుడ్డతో కుట్టేటట్టయితే 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు తీసుకో, జత వస్తుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించు. కుట్టాక కుంచించుకుపోతే ఇంక చెయ్యగలిగింది లేదు. మన ఒడిశా నేతల్లో కోట్‌పాడ్‌గానీ సంబల్‌పురిగానీ తీసుకుంటే తెల్లగుడ్డ తడిపి ఒక మూల రుద్ది చూడు, రంగు అంటితే విడిగా ఉతకాలి. సంబల్‌పురిలో నూలుకి ముందే రంగులద్ది నేస్తారు కనక రెండువైపులా బొమ్మ పడుతుంది, కత్తిరించేటప్పుడు అది పెద్ద సుఖం.

ఒక్కో గలీబుకి ముందువైపు ముక్క 21కి 31 కత్తిరించు. వెనక రెండు ముక్కలు, ఒక్కోటి 21కి పందొమ్మిదిన్నర. ఈ రెండిటికీ 21 అంగుళాల కొస ఒకదాన్ని అంగుళంన్నర లోపలికి మడిచి కుట్టెయ్యి. మడిచిన కొసలు ఒకదాని మీదొకటి అయిదంగుళాలు ఎక్కేలా ముందు ముక్క మీద పరువు, మంచివైపులు లోపలికి ఉండాలి. ఆ అయిదంగుళాలే తలగడ బయటికి జారకుండా కాపాడేది. జిప్పూ వద్దు, గుండీలూ వద్దు. అరంగుళం వదిలి నాలుగువైపులా కుట్టి, మూలల్లో గుడ్డని ఏటవాలుగా కత్తిరించు, కుట్టుకి మరీ దగ్గరగా మాత్రం వద్దు, పోగులు లేచిపోతాయి. తిరగేసి మొద్దు పెన్సిలుతో మూల బయటికి పొడు. ఇస్త్రీ చేసి, సుద్దతో అంగుళంన్నర లోపలికి గీత గీసి, టాకాలు వేసుకుని ఆ గీత మీద మిషను కుట్టు. టాకాలు బద్ధకిస్తే మీద గుడ్డ జరిగి అంచు మెలిపడుతుంది. ఎక్కువమందికి చెడేది ఇక్కడే.

ఇక నీ పట్టుచీర. బరంపురం పట్టు ఎంత గట్టిదైనా ఏళ్ళ తరబడి మడిచిన చోట పోగు చచ్చి ఉంటుంది. వెలుతురికి ఎత్తి చూసి ఆ గీతలు తప్పించు. పట్టుని ముందు ముక్కకే వాడు, వెనక నూలు పెట్టు. పట్టు కింద మల్లుగుడ్డ ఆస్తరు వెయ్యకపోతే బరువంతా కుట్టు మీద పడి చిరుగుతుంది. గుడి గోపురాల్లా మొనలు తేలిన ఆ చీర కుంభం అంచు పోగొట్టకు. దాన్నే చుట్టూ అంచుగా తిప్పు, మూలల్లో 45 డిగ్రీల ఏటవాలుగా అతికితే కుంభాలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఆ అంచులోపల బిగువుకి పల్చటి బక్రం గుడ్డ పెట్టు, లేకపోతే వాలిపోతుంది.

పక్క వేసేటప్పుడు పడుకునే తలగడలు మామూలు గలీబుల్లో కిందుండాలి, అంచు గలీబులవి మంచం తల చెక్కకి ఆనించి నిలబెట్టాలి, తలగడ దూర్చే చీలిక వెనక్కి. రాత్రి తీసి కుర్చీలో పెట్టెయ్యి. తలనూనె పట్టుకి అంటితే ఓ పట్టాన వదలదు. కొంచెం అంటితే వెంటనే పౌడరు చల్లి పీల్చనిచ్చి దులుపు, తర్వాత కుంకుడు రసంలో జాడించి నీడన ఆరెయ్యి. బట్టల సోడా తగలనివ్వకు. మీ ఊరి సముద్రపు గాలికి వానాకాలంలో బూరుగు దూది చెమ్మెక్కి ముద్దకడుతుంది. ఎండ కాసిన రోజు గలీబు తీసేసి తలగడ ఒక్కటే ఎండబెట్టు, గలీబు ఎండలో వెలుస్తుంది.

ముందు పాత పంచెతో ఒకటి కుట్టి తలగడకి తొడిగి చూడు. అది సరిగ్గా కూర్చున్నాకే చీర కత్తిరించు.

నీ దొడ్డమ్మ