అంబులెన్సు వచ్చేలోగా

అమెరికాకు కొత్తగా వచ్చినవారు, ముఖ్యంగా తల్లిదండ్రులను ఆరు నెలలకు రప్పించుకోబోతున్నవారు, నన్ను మొట్టమొదట అడిగేది విజిటర్ ఇన్సూరెన్స్ గురించి. ఏ ప్లాను మంచిది, పాత జబ్బులకు వర్తిస్తుందా అని వారాల తరబడి ఆరా తీస్తారు. అది అవసరమే, కాదనను. అయితే ఇన్సూరెన్స్ ఆసుపత్రి బిల్లు సంగతి చూస్తుంది గాని, 911కి ఫోన్ చేశాక అంబులెన్సు వచ్చేదాకా గడిచే నిమిషాల సంగతి చూడదు. మన ఊళ్లో కేక వేస్తే పక్కింటివారు పరుగున వస్తారు, వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరైనా ఉంటాడు. ఇక్కడ అపార్టుమెంటు తలుపు వేసుకున్నాక ఒక్కోసారి మీరొక్కరే. కనుక డ్రైవింగ్ లైసెన్సుకు ఎంత శ్రద్ధ పెడతారో ప్రథమ చికిత్సకూ అంత పెట్టమని నా సలహా.

మన ఇళ్లలో ప్రమాదం చాలాసార్లు వంటింట్లోనే మొదలవుతుంది. తాళింపు నూనె చిట్లినా, కుక్కరు ఆవిరి కొట్టినా మన చెయ్యి టూత్‌పేస్టు మీదికో పసుపు డబ్బా మీదికో పోతుంది. రెండూ వద్దు. పసుపు అద్దితే ఎంత లోతుగా కాలిందో డాక్టరుకు కనబడదు. ముందు దాన్ని కడిగించాలి, ఆ బాధ అదనం. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేసి, కాలిన చోటును 20 నిమిషాల పాటు కుళాయి కింద పారే చల్లని నీటిలో ఉంచాలి. ఐసు పెట్టకూడదు, బొబ్బలు చిదమకూడదు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా, పొయ్యి ఆపి మూత పెట్టాలి.

పొలమారితే మాడు మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకోవడం మనకు అలవాటు. గట్టిగా దగ్గగలిగినంతసేపు వారిని దగ్గనివ్వడమే మంచిది. దగ్గూ మాటా రెండూ ఆగిపోయినప్పుడే అసలు ప్రమాదం. ఏడాది నిండని పసివాడైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకొని, అరచేతి మడమతో రెండు భుజాల నడుమ 5 దెబ్బలు వేసి, వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య 5 సార్లు నొక్కాలి. అడ్డుపడినది బయటికి వచ్చేవరకు అలాగే కొనసాగించాలి; బిడ్డ స్పృహ తప్పితే మాత్రం అది ఆపి, 911కి చేసి వారు చెప్పినట్లు చేయాలి. పొట్ట నొక్కరాదు, కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకరాదు. మనవడికి ప్రేమగా వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్లు పెట్టే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ సంగతి ముందే, నొచ్చుకోకుండా చెప్పి ఉంచండి. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాల గుత్తి పెట్టడం కూడా మన వెంట విమానమెక్కి వచ్చిన అలవాటే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా సమయం చూసుకోవాలి. 5 నిమిషాలు దాటితే 911కి చేయాల్సిందే.

పెద్దవారెవరైనా కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి మామూలుగా ఆడకపోతే, 911కి చేసి ఫోన్ స్పీకరులో పెట్టి వెంటనే సీపీఆర్, అంటే గుండె ఆగినవారి రొమ్మును చేతులతో నొక్కి రక్తం ఆడించడం, మొదలుపెట్టండి. రొమ్ము నడుమ, కనీసం 2 అంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. అవతలివారే లెక్క చెబుతూ చేయిస్తారు. విమానాశ్రయాల్లో, జిమ్ముల్లో గోడకు ఉండే ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం) పెట్టె తెరిస్తే ఏం చేయాలో అదే మాట్లాడి చెబుతుంది. వీసా మీద ఉన్నవాళ్లం, ఏదైనా అయితే కేసు పెడతారేమో అని వెనకాడేవారిని చూశాను. సదుద్దేశంతో సాయపడినవారిని కాపాడే గుడ్ సమారిటన్ చట్టం ఏదో ఒక రూపంలో ఇక్కడి అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. మన దేశంలోనూ 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రోడ్డు ప్రమాదాల్లో అటువంటి రక్షణే కల్పించింది.

ఇవన్నీ చదివితే వచ్చేవి కావు. రెండు అంగుళాలంటే ఎంత బలంగా నొక్కాలో తరగతిలో వాడే మనిషి బొమ్మ మీద చేసి చూస్తేనే చేతికి తెలుస్తుంది. అమెరికన్ రెడ్‌క్రాస్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తరగతులు ఒక పూటలో అయిపోతాయి. ధ్రువపత్రం రెండేళ్లు చెల్లుతుంది.

అమ్మానాన్నలు దిగిన వారంలోనే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. అపార్టుమెంటు నంబరుతో సహా చిరునామా, వారు వాడే మందుల అసలు (జెనరిక్) పేర్లు, మోతాదులు, విష పదార్థాల సలహా నంబరు 1-800-222-1222 అందులో ఉండాలి. మందుల పేర్లు మన బ్రాండ్లలో రాస్తే ఇక్కడివారికి అర్థం కాదు. ఇంగ్లీషు రాకపోయినా 911కి చేసి, చిరునామా చదివి, "తెలుగు" అంటే చాలాచోట్ల దుబాసీని లైనులోకి తీసుకుంటారని వారికి చెప్పి, ఆ చిరునామాను రెండు మూడుసార్లు పైకి చదివించండి.