కారు అద్దంలోంచి వచ్చే ఎండ సరిపోదా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 42 ఏళ్లు. విటమిన్ డి తక్కువుందని 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు వేసుకోమన్నారు, కోర్సు అయిపోయింది. ఇంకా వాడొచ్చా? కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట ఆఫీసుకి రోజూ కారులోనే వెళ్తాను, ఎండ బాగానే తగుల్తుంది మరి. - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ క్యాప్సూల్ సంగతి, దయచేసి మీ అంతట మీరు కొనసాగించకండి. డి విటమిన్ కొవ్వులో కరిగేది, ఎక్కువైతే బయటికి పోదు, లోపలే పేరుకుని రక్తంలో కాల్షియం పెంచేస్తుంది, అప్పుడు వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీలో రాళ్లు దాకా పోవచ్చు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు, అదే నా భయం. మళ్లీ టెస్టు చేయించి, ఎంత వాడాలో మీ డాక్టరునే అడగండి.

ఇక ఎండ. చర్మంలో డి తయారవ్వాలంటే యూవీబీ కిరణాలు కావాలి, అవి అద్దం దాటి రావు, కాబట్టి కార్లో ఎంత వేడెక్కినా లాభం లేదు. మీకు మెట్రో రెడ్ లైన్ నేరుగా ఉంది కదా, ఎక్కండి, స్టేషన్‌కి నడవండి, షుగరుకీ బీపీకీ మంచిది, రోడ్డు మీద ఒక కారు తగ్గుతుంది. కాకపోతే పొద్దున్నే ఎండలో యూవీబీ తక్కువ, అందుకని లంచ్ టైములో చేతులకీ ముఖానికీ కాసేపు ఎండ తగిలేలా నడవండి. మన ఫుట్‌పాత్‌లు నడిచేలా ఉంటేగా అంటారేమో, నిజమే, దానికి జీహెచ్ఎంసీని గట్టిగా అడగాల్సిందే.